పట్టుచీరలకు వెళ్లండి, కానీ గుమ్మంలో ఆ తుపాకీ ఉండకూడదు

మాఘంలో మా చిన్నమ్మాయి పెళ్లి. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి ఎలాగూ విజయనగరం వస్తాం కదా, ఆ చేత్తోనే పెళ్లి బట్టలు, కాస్త బంగారం కొనేద్దామని మా ఆవిడ అంది. అలా సిరిమానుకి ముందు రోజు జరిగే తొలేళ్లకి రెండు రోజుల ముందు, శనివారం, గజపతినగరంలో బస్సెక్కి కాంప్లెక్స్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఆటోలో ఊళ్లో ఒక పెద్ద షోరూమ్‌కి వెళ్లాం. మొత్తం ఆరుగురం: నేను, మా ఆవిడ, పెళ్లికూతురు, పెద్దమ్మాయి, దాని ఆరేళ్ల కూతురు, మా మేనల్లుడు. షాపు పేరు రాయను. అక్కడ పనిచేసేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల ఉద్యోగాలకి నా వల్ల ఇబ్బంది రాకూడదు. సాయంత్రం 4.30 నుంచి రాత్రి 9.30 దాకా అక్కడ చూసింది మాత్రం చూసినట్టు రాస్తాను. పండగ రోజుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని ఇలాంటి షాపులకి వెళ్లేవాళ్లు చదవాలి.

నేనెవరో కూడా చెప్పాలి. ఆర్మీలో 17 ఏళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. తర్వాత 9 ఏళ్లు ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేశాను. డబుల్ బ్యారెల్ ట్వెల్వ్ బోర్ తుపాకీ బరువు నా కుడి భుజానికి ఇప్పటికీ గుర్తుంది. తుపాకీ అంటే భయపడేవాడు రాస్తున్న మాటలు కావివి.

ముందు బట్టలు. పట్టుచీరల అంతస్తులో మాకు చీరలు చూపించిన అమ్మాయి తక్కువలో తక్కువ నలభై చీరలు దించింది. ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. మా ఆవిడ అడక్కుండానే అంచు తిరగేసి వెనకవైపు జరీ చూపించింది. "ఈ లైట్ల కింద రంగు మోసం చేస్తాది ఆంటీ, అలా రండి" అని చీర పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ ఒక్క పనితో నాకు షాపు మీద నమ్మకం కుదిరింది. పెళ్లిచీర 14,800 పడింది. పెట్టుబడి చీరలు పన్నెండు తీసుకున్నాం, 650 నుంచి 900 లోపు. ఆ ధరకి గుడ్డ మందంగా ఉంది, ఉతికితే నిలుస్తుంది. వియ్యంకుడికి పెట్టే పంచె మాత్రం ఇక్కడ కొనలేదు. పొందూరు ఖద్దరే పెడతానని మాటిచ్చాను, దానికి పొందూరే వెళ్తాను.

బంగారం కింది అంతస్తులో, వెనకవైపు విడిగా అద్దాల గదిలో ఉంది. హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఉంటుంది, చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. మా మేనల్లుడు బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూశాడు, వివరాలు సరిపోయాయి. కౌంటర్‌లో ఉన్నాయన ఏమీ అనుకోలేదు, "అందరూ ఇలా చూసుకుంటే మాకూ మంచిదే" అన్నాడు. మజూరీలో కొంచెం తగ్గించాడు. సరుకు విషయంలో, మర్యాద విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇక గుమ్మం సంగతి.

అద్దం తలుపు పక్కన భుజానికి తుపాకీతో గన్‌మన్ నిలబడి ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి, సన్నటి మనిషి. తలుపు తీసేదీ, సంచులు తీసుకుని టోకెన్లు ఇచ్చేదీ ఆయనే. మెట్టెక్కలేని ముసలమ్మలకి చెయ్యి అందించేదీ, కారు ఆగితే పరిగెత్తేదీ ఆయనే. ఇన్ని పనులు చేస్తున్నంతసేపూ తుపాకీ భుజానికే వేలాడుతోంది, గొట్టం కిందికి. టోకెన్ ఇవ్వడానికి వంగిన ప్రతిసారీ పట్టీ జారి గొట్టం ముందుకు తిరుగుతోంది. టోకెన్ తనే పట్టుకుంటానని మా మనవరాలు ముందుకెళ్లింది. అప్పుడు చూశాను. దాని చెవికి జానెడు దూరంలో రెండు గొట్టాలు, పక్కపక్కన, నల్లగా. మూతి దగ్గర రంగు పోయి లోపలి ఇనుము మెరుస్తోంది. అది వేలు పెట్టి చూడబోయింది. భుజం పట్టి వెనక్కి లాగేశాను. గన్‌మన్‌కి ఇదేమీ తెలియదు, అప్పటికే ఆయన ఇంకొకరి సంచి అందుకుంటున్నాడు.

మా వాళ్లు ఇది పెద్ద విషయం కాదన్నారు. "ఎన్ని బ్యాంకుల్లో చూడలేదు" అన్నారు. బ్యాంకులో చేసినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను. అక్కడ గన్‌మన్‌కి ఒక మూల ఉంటుంది. వెనక గోడ ఉంటుంది, ముందు క్యూ ఉంటుంది. అలాంటి చోట కూడా నాకు ఒకసారి ముప్పు తప్పింది. చేరిన మూడో ఏడు, తుపాకీని కుర్చీకి ఆనించి నీళ్లు తాగుతున్నాను. ఎవరిదో చంటిపిల్ల పరిగెత్తుకొచ్చి పట్టీకి తగిలింది. తుపాకీ పడిపోయింది. పేలలేదు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. మిగిలిన ఆరేళ్లలో తుపాకీని ఒక్కసారి కూడా నా ఒంటికి దూరంగా పెట్టలేదు. అంటే సంచులు మొయ్యలేదు, తలుపులు తియ్యలేదు, టోకెన్లు ఇవ్వలేదు. తుపాకీ పట్టుకున్నవాడికి ఇంకో పని ఉండకూడదు.

ట్వెల్వ్ బోర్ తూటాలో మామూలుగా ఒకే గుండు ఉండదు, గుళ్లుంటాయి. గొట్టం దాటాక దూరం పెరిగేకొద్దీ అవి విచ్చుకుంటాయి. పొలంలో పందిని కొట్టడానికి అది బాగుంటుంది. పండగ ముందు శనివారం, ఆడవాళ్లూ పిల్లలూ భుజానికి భుజం రాసుకుంటూ నిలబడిన హాల్లో దాన్ని ఎవరి మీద గురిపెడతారు? దొంగని కొడితే పక్కనున్న నలుగురికి తగలకుండా ఉంటుందా?

రాత్రి ఏడుంపావుకి నేను భయపడినంతా కళ్లముందుకొచ్చింది. పట్టుచీరల అంతస్తు కిక్కిరిసి ఉంది. ఎవరో ఆవిడ పరుసు కనపడలేదని "దొంగ, దొంగ" అని అరిచింది. ఎటు ఉన్నాడో ఎవరికీ తెలియదు, అందరూ మెట్ల వైపు చూశారు. కింద ఎవరు చెప్పారో ఏమో, గన్‌మన్ మెట్లెక్కి పరుగున వచ్చాడు. ఈసారి తుపాకీ భుజాన లేదు, రెండు చేతుల్లో ఉంది. అంతవరకూ పరుసు పోయిందని అనుకుంటున్న జనం తుపాకీ చూడగానే ఇంకేదో అయిపోయిందనుకున్నారు. కేకలు. పైన ఉన్నవాళ్లు దిగబోయారు, మెట్ల మీదున్నవాళ్లు ఎక్కబోయారు. మా మనవరాలు తల్లి చెయ్యి విడిపోయి మూడో మెట్టు మీద పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. దాని మీద ఇంకొకరు పడకుండా మా మేనల్లుడు మెట్టుకి అడ్డంగా కూర్చుండిపోయాడు.

ఆ గొడవని ఆపింది తుపాకీ కాదు. అక్కడ లేడీ సెక్యూరిటీగా ఒక అమ్మాయి ఉంది, ముప్పై ఏళ్లుంటాయేమో. నీలం ప్యాంటు చొక్కా, మెడలో విజిల్. సేల్స్ అమ్మాయిలు పై అరల్లోంచి చీరలు దించడానికి వాడే స్టూలెక్కి గట్టిగా ఒక్క విజిల్ వేసింది. "అమ్మా, అప్పా, ఎక్కడున్నోళ్లు అక్కడే కూకోండి! పరుసు ఎక్కడికీ పోదు. మెట్ల మీద ఎవులూ కదలొద్దు!" అంది. చీరలు పరిచే తెల్ల పరుపుల మీద ముందు ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు, వాళ్లని చూసి మిగతావాళ్లు. తర్వాత ఆఫర్లు చెప్పే కుర్రాడి చేతిలోంచి మైకు తీసుకుని, గన్‌మన్‌ని పేరు పెట్టి పిలిచి కిందికి వెళ్లమంది. వెనక వైపు స్టాఫ్ మెట్లు తెరిపించి, పిల్లలున్నవాళ్లని అటు పంపింది. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. పరుసు ఆవిడ చూసి పక్కన పెట్టేసిన చీరల కుప్ప కిందే దొరికింది.

నేను ఎందరో అధికారుల కింద పనిచేశాను. అంత తొందరగా, అంత చక్కగా జనాన్ని కూర్చోబెట్టినవాళ్లని తక్కువమందినే చూశాను. ఆ అమ్మాయికి షాపు యజమాని ఏదైనా బహుమానం ఇస్తే బాగుంటుంది. మనవరాలి మోచేతికి మందు రాసింది కూడా ఆవిడే. ఫస్ట్ ఎయిడ్ డబ్బా బిల్లింగ్ కౌంటర్ కింద ఉంది. అది బాగుంది, నిండుగా ఉంది.

మా మేనల్లుడు బీటెక్ చదివాడు, ప్రపంచంలో జరిగేవన్నీ ఫోన్లో చూస్తుంటాడు. బిల్లు క్యూలో వాడు నాతో వాదనకి దిగాడు. "మావయ్యా, 2024 ఏప్రిల్‌లో సిడ్నీలో ఒక మాల్‌లో ఒకడు కత్తితో ఆరుగురిని చంపేశాడు. వాడికి అడ్డం వెళ్లిన గార్డు చేతిలో ఏమీ లేదు, చచ్చిపోయిన ఆరుగురిలో ఆయనా ఉన్నాడు. చివరికి ఒక పోలీసావిడ తుపాకీతో కాల్చితేనే కదా ఆగింది?" అన్నాడు. 2013లో నైరోబీ వెస్ట్‌గేట్ మాల్‌లో ఉగ్రవాదుల దాడికి 67 మంది పోయిన సంగతి కూడా గుర్తుచేశాడు. వాడి మాటలో నిజం ఉంది. ఆ గార్డుని తలుచుకుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ సిడ్నీలో కాల్చింది శిక్షణ ఉన్న పోలీసు ఇన్‌స్పెక్టర్. సంచులకి టోకెన్లు ఇచ్చే మనిషి కాదు. ఆ గార్డు ఒంటి మీద కత్తి దిగని జాకెట్ ఉండాల్సింది, చేతిలో వైర్‌లెస్ ఉండాల్సింది. మన షాపుల్లో ఎక్కడైనా గార్డుకి ఈ రెండూ కనిపించాయా?

వాడికి నేను ముంబై గుర్తుచేశాను. 2008 నవంబరు 26 రాత్రి, సీఎస్‌టీ స్టేషన్. అక్కడి పోలీసుల దగ్గర లాఠీలు, పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లు ఉన్నాయి. ఉగ్రవాదుల ఏకే-47ల ముందు అవి ఆగలేదు. అక్కడ చాలామంది ప్రాణాలు కాపాడింది అనౌన్సర్ విష్ణు జెండే గొంతు. తన క్యాబిన్‌లోంచి అంతా చూస్తూ, అటు వెళ్లొద్దు, వెనక గేటు నుంచి బయటికి పొండి అని మైకులో చెబుతూనే ఉన్నాడాయన. ఎక్కడిదాకో ఎందుకు, మన సిరిమానే చూడండి. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంటే, లక్షల జనాన్ని పోలీసులు తాళ్లతో, బారికేడ్లతో, మైకులతోనే నడిపిస్తారు. ఈ షోరూమ్‌లో ప్రతి అంతస్తులో స్పీకరు ఉంది. అందులో సాయంత్రమంతా ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న మాటే వినిపించింది. నిప్పంటుకుంటే ఏ మెట్లు దిగాలో ఒక్కసారి చెప్పలేదు.

వాడు ఇంకో మాట అడిగాడు, దొంగని కాల్చకపోతే దొరుకుతాడా అని. కాల్చే హక్కు ఎవరిచ్చారు? ప్రైవేటు గార్డుకి పోలీసు అధికారాలు లేవు. మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే ఆయనకీ ఉంది. అది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. పరుసు పట్టుకుని పారిపోయేవాణ్ణి ప్రాణం తీసేలా కొట్టొచ్చని అందులో లేదు. కాలిస్తే గార్డే జైలుకెళ్తాడు. యజమాని కాదు.

బయటికొచ్చేసరికి 9 దాటింది. షట్టరు సగం దించారు. ఆటో కోసం నిలబడితే గన్‌మన్ నా దగ్గరికొచ్చి, "పాపకి ఎలా ఉంది సార్?" అని అడిగాడు. మొహం చిన్నబోయి ఉంది. నేను ఎక్కడ చేశానో చెప్పాను. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ఉదయం తొమ్మిదిన్నర నుంచి అదే మొదటిసారి కూర్చోవడమట. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టం చేశారు. ఇక్కడ మన కళ్లముందు ఒక మనిషి పన్నెండు గంటలు తుపాకీ బరువుతో నిలబడుతున్నాడు.

"లోడ్ చేసే ఉందా అన్నా?" అని అడిగాను.

"రెండూ నింపే ఉంచమన్నారు సార్."

గొట్టం నేల వైపు పెట్టి తెరవమన్నాను. తెరిచాడు. రెండు తూటాలు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఎర్ర ప్లాస్టిక్ వెలిసి గులాబీ రంగుకి వచ్చేసింది. అడుగున ఇత్తడి మీద పచ్చగా చిలుము. ఒకదాని అంచు గోటితో గీస్తే పొడి రాలింది. ఇవి ఎప్పటివని అడిగాను. 2024 ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్లో అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకున్నాడట. అప్పటికే పాతవి. చివరిసారి పేల్చింది ఎనిమిదేళ్ల కింద, పొలంలో. తుపాకీ వాళ్ల నాన్నది. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి తీసుకున్నది, నాన్న పోయాక ఈయన పేరు మీదికి మారింది. ఈయన జూట్ మిల్లులో చేసేవాడు. మిల్లు మూతబడ్డాక, సొంత తుపాకీ ఉంటే ఉద్యోగం ఇస్తామన్నారని వచ్చాడు.

"ట్రైనింగ్ ఏమైనా ఇచ్చారా?"

"ఓనరుగారొస్తే సెల్యూట్ ఎలా కొట్టాలో సూపించారు సార్. అంతే. ఇదుంటే మామూలు గార్డు కన్నా రెండేలు ఎక్కువిత్తారు. ఏటి సెయ్యమంటారు?"

నేనేం చెప్పను? ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. దాని కింద పెట్టిన రూల్స్‌లో గార్డుకి 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట శిక్షణ ఉండాలని ఉంది. మాలాంటి మాజీ సైనికులకి అన్ని గంటలు అక్కర్లేదు. ఈ మనిషికి అవేవీ అందలేదు. పొలానికని తీసుకున్న తుపాకీని షాపు గుమ్మంలో పెడితే, రేపు ఏదైనా జరిగితే పోయేది ఆయన లైసెన్సు, ఆయన బతుకు. ఏజెన్సీ పేరు పక్కకి తప్పుకుంటుంది. ఆయనది ఏ ఊరో, చొక్కా మీద ఏ పేరుందో అందుకే రాయడం లేదు.

మేనేజరుగారితో కూడా మాట్లాడాను. మర్యాదగా విన్నారు. "బంగారం ఉంది కదండీ, గన్‌మన్ ఉంటే కస్టమర్‌కి ధైర్యం" అన్నారు. బంగారం వెనక గదిలో ఉంది, గన్‌మన్ బట్టల గుమ్మంలో ఉన్నాడు, ఇందులో కాపలా ఏముందని అడిగాను. తుపాకీ అసలే వద్దని నేననను. డబ్బు, నగలు వ్యానెక్కేటప్పుడు, దిగేటప్పుడు కావాలి. ఏజెన్సీల నగదు వ్యాన్లకి కేంద్ర హోంశాఖ 2018లో పెట్టిన రూల్స్‌లో ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలని ఉంది, రాత్రి ఎన్నింటి తర్వాత ఏటీఎంలో డబ్బు నింపకూడదో కూడా ఉంది. అది అర్థమున్న కాపలా. అక్కడ శిక్షణ ఉన్న మనిషిని, మాజీ సైనికుణ్ణి పెట్టండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యంలో చేసి వచ్చినవాళ్లకి కొదవ లేదు. తలుపు దగ్గర మాత్రం తుపాకీ వద్దు. విజిల్, వైర్‌లెస్, కుర్చీ, తాగడానికి నీళ్లు చాలు. ఈయనకి ఆ రెండు వేలు తగ్గించకుండా తుపాకీ ఇంట్లో పెట్టించండి. ఓనరుగారికి చెబుతానన్నారు మేనేజరు. నా ఫోన్ నంబరు రాసుకున్నారు. వారమైంది, ఇంకా ఫోను రాలేదు.

బట్టలకి 5కి 4, బంగారానికి 5కి 4, ఆ లేడీ సెక్యూరిటీ అమ్మాయికి 5కి 5. గుమ్మానికి 1 కూడా ఇవ్వలేను. మొత్తం మీద 3 ఇస్తున్నాను.

ఒక జాకెట్టు ముక్క రంగు కలవలేదు. బిల్లు ఉంటే 15 రోజుల్లో మార్చి ఇస్తామని అన్నారు, వచ్చే శుక్రవారం ఉదయం వెళ్తాను. పండగ అయిపోయింది, జనం పలచగా ఉంటారు. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఒక మాట: పక్క సందులోంచి పార్కింగ్ వైపు ఇంకో తలుపు ఉంది, అక్కడ మామూలు గార్డే ఉంటాడు. అటునుంచి వెళ్లండి. లోపలికి అడుగుపెట్టగానే బిల్లింగ్ కౌంటర్ వెనక ఉన్న స్టాఫ్ మెట్లు ఎక్కడున్నాయో పిల్లలకి చూపించి పెట్టండి.